పోశవ్వ అనని మాట

గోదావరి పొంగి మంచిర్యాల దవాఖానలోకి నీళ్ళు చొరబడ్డ యేడు అది. ఓపెన్‌కాస్టు బొగ్గు గనులన్నీ చెరువులయ్యాయి. గోదావరిఖనిలో ఎవరి నోట విన్నా వరద ముచ్చటే. వరద తగ్గిన తర్వాతి వారం కార్మిక సంఘం హాల్లో పుస్తకావిష్కరణ పెట్టారు. బొగ్గుబాయిలో తట్టతో బొగ్గు నింపి రిటైరైన మొగిలికి పుస్తకాలతో పనేముంది? మూడో తరగతిలోనే బడి బంద్ చేసినవాడు. అయినా వచ్చాడు. ఆ పుస్తకంలో తన అక్క పోశవ్వ ఉంది. ఆమెకు మోకాళ్ళు పనిచేయవు, ఆటోలో తెచ్చి ముందు వరసలో కూర్చోబెట్టాడు.

మొగిలి నోట మాట రావడమంటే ఎండాకాలంలో వాన పడడమే. "గీ యేడు గోదారి పొంగిందంటే నువ్వు ఎక్కడ్నో రెండు మాటలు మాట్లాడినవ్ మొగిలన్నా" అని మెకానిక్ గులాం అలీ పక్క కుర్చీలో కూర్చుంటూ ఎగతాళి చేశాడు.

పోశవ్వకు ఒక్కడే కొడుకు, ఉపేందర్. ఐటీఐ చదివేవాడు. నక్సలైట్ అన్నల కాలంలో, పొద్దుగూకితే తలుపులు బిడాయించుకునే రోజుల్లో, నల్లా దగ్గర నీళ్ళు పడుతున్న పిల్లగాణ్ణి జీపులో వచ్చినవాళ్ళు ఎక్కించుకుపోయారు. తర్వాత పేపర్లో, ఎదురుకాల్పుల్లో చనిపోయాడని నాలుగు ముక్కల వార్త పడింది. అందులో పేరు కూడా తప్పే. తల్లి ఏం చెబుతుందో వినడానికి ఇక్కడి విలేకరి ఒక్కడూ ఆ వాకిలి తొక్కలేదు. ఎవరి భయం వాళ్ళది.

వచ్చింది ఎలేన్ అనే ఫ్రాన్సు దేశపు ఆమె. ఎక్కడ యుద్ధం ఉంటే అక్కడికి పోయి ఫ్రెంచి పేపర్లకు రాసేది. ఆమెకు హిందీ వచ్చు, తెలుగు రాదు. గులాం అలీ నడుమ కూర్చొని పోశవ్వ మాటను హిందీ చేసి చెప్పాడు. రాసుకొని లేచిపోయే మనిషి కాదు ఎలేన్. ఒక్కొక్క వాక్యం తిరిగి చదివి, గులాం అలీ చేత తెలుగులో చెప్పించి, ఇంతేనా అమ్మా, ఇట్లనే అన్నావా అని అడిగింది. ఒకచోట పోశవ్వ అడ్డంగా తల ఊపితే, కొట్టేసి మళ్ళీ రాసింది. గడప మీద కూర్చొని మొగిలి అదంతా చూశాడు. మనిషి మాటకు ఇంత మర్యాద చేసేవాళ్ళు కూడా ఉంటారా అనుకున్నాడు.

ఆ ఎలేన్ చనిపోయింది. ఆమె రాతలన్నీ కలిపి వాళ్ళ దేశంలో పుస్తకం వేశారు. దాన్ని తెలుగు చేసినాయన రఘుపతి. హైదరాబాదులో ఫ్రెంచి చెప్పి రిటైరైన ప్రొఫెసరు. ఆ రోజు హాల్లో పోశవ్వకు శాలువా కప్పించి, మైకు సవరించుకొని, ఆమె మాట ఉన్న పేజీ ఆయనే చదివాడు.

"'నా బిడ్డను తీసుకుపోయినవాళ్ళను నేను మన్నించాను. ఈ నేల మీద శాంతి వెల్లివిరియాలి. అదే నా బిడ్డకు నివాళి.' ఆ కడుపుకోతలో కూడా ఈ మహాతల్లి పలికిన మాటలివి."

హాలు చప్పట్లతో అదిరింది. ముందు వరస పెద్దమనుషులు కళ్ళు తుడుచుకున్నారు. పోశవ్వకు చెవులు సరిగా వినపడవు. ఎందుకు కొడుతున్నారు చప్పట్లని తమ్ముణ్ణి అడిగింది. మొగిలి ఆమె చెవి దగ్గర వంగి చెప్పాడు.

"ఎవన్ని మన్నించిన్నంట? నేనెప్పుడన్నర?"

పోశవ్వ శాలువా తీసి, మడతపెట్టి, పక్క కుర్చీలో పెట్టింది. మొగిలి లేచి స్టేజీ దగ్గరికి పోయాడు. జనం ముందర అతను నోరు తెరవడం అదే మొదలు.

"సార్, మా అక్క ఆ మాట అనలే."

రఘుపతి నవ్వాడు. పాత మాట కదా పెద్దయ్యా, మరిచిపోయి ఉంటుంది అన్నాడు. "ఫ్రెంచిలో అట్లాగే ఉంది. కావాలంటే చూసుకోండి" అని బల్ల మీదున్న అసలు పుస్తకాన్ని అతని వైపు జరిపాడు. ముందు వరసలో కిసుక్కున నవ్వులు. బొగ్గుబాయి ముసలాయన ఫ్రెంచి చూసుకుంటాడట మరి. మొగిలికి అరికాలి మంట నెత్తికెక్కింది. మారు మాట్లాడకుండా పుస్తకం చంకన పెట్టుకొని నడిచాడు.

పోశవ్వను ఇంట్లో దింపి, గులాం అలీ వెంట మొగిలి నేరుగా అతని ఇంటికి పోయాడు. గులాం అలీ బిడ్డ సబాకు ఫ్రెంచి వచ్చు. హైదరాబాదు కంపెనీకి ఇంటి నుంచే డ్యూటీ చేస్తుంది, ఫ్రాన్సు నుంచి వచ్చే ఫోన్లకు జవాబు చెప్పడమే ఆమె పని. పోశవ్వ ఫోటో ఉన్న పేజీ తెరిచి మొదట మనసులో చదువుకుంది. చదువుతుంటే మొహం మారింది. తర్వాత మెల్లగా తెలుగులో చెప్పింది.

"'నా కొడుకు చేతిల బిందె ఉంది, తుపాకి లేదు. కాళ్ళకు చెప్పులు కూడ తొడుక్కోనియ్యలే. వాళ్ళను మన్నిస్తవా అని నన్ను అడుగుతున్నవ్. ముందుగాల వాళ్ళు నా వాకిట్లకు వచ్చి, చంపినమని ఒప్పుకోవాలె. అప్పుడు అడుగు బిడ్డా.' గింతే ఉంది కాకా. శాంతి గీంతి ఏం లేదు."

గులాం అలీ లేచి నిలబడ్డాడు. అవే మాటలు. తన నోటి మీదుగా దాటిపోయిన మాటలు, సముద్రం అవతల ఒక్క ముక్క చెదరకుండా ఉన్నాయి. తెలుగింటికి తిరిగొచ్చేసరికే తలకిందులయ్యాయి.

ఇద్దరూ హాలుకు పోయేసరికి రఘుపతి కారెక్కబోతున్నాడు. మొగిలి పుస్తకం చేతికిచ్చి, చదివించుకున్న సార్ అన్నాడు. ఎవరి చేత చదివించుకున్నాడో గులాం అలీ చెప్పాడు. రఘుపతి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. అది యుద్ధకాలపు రాత అన్నాడు. ఇప్పుడు శాంతి వచ్చింది, ఉన్నదున్నట్టు వేస్తే డబ్బు పెట్టి అచ్చు వేసేవాళ్ళు ఒప్పుకోరు, అమ్మకు గౌరవంగా ఉంటుందనే కాస్త మెత్తబరిచాను, మళ్ళీ అచ్చు వేసినప్పుడు చూద్దాం అన్నాడు.

"శాంతి ఎవలకొచ్చిందో వాళ్ళ మాట మార్చుకో సార్" అన్నాడు మొగిలి. "కొడుకును వాళ్ళు తీస్కపోయిండ్లు. మాటొక్కటి మిగిలుండె. దాన్ని నువ్వు తీస్కపోయినవ్."

రఘుపతి కారెక్కి అద్దం ఎక్కించుకున్నాడు.

ఇంటికొచ్చి మొగిలి జరిగింది చెప్పాడు. పోశవ్వ మంచం పట్టె పట్టుకొని అంతా విన్నది. ఆ పుస్తకం ఊరంతా పంచారు కదా, అందరూ నేను మన్నించిన్ననే అనుకుంటరు కదా అంది. ఆ మాట తీసుకొని రేపు ఆ జీపువాళ్ళు నిమ్మళంగా నిద్రపోతరు కదా అంది.

"నాకు కాళ్ళు లెవ్వు. నువ్వే చెప్పు తమ్మీ. గాని నా మాటకు ఒక్క ముక్క కలుపకు."

తెల్లారి మొగిలి మొదటి షిఫ్టు కంటే ముందే బాయి గేటుకు పోయాడు. ఆ వేళకు అక్కడ సంఘాలవాళ్ళు గేటు మీటింగు పెట్టడం మామూలే. ఆ రోజు వంతు వచ్చిన నాయకుణ్ణి అడిగి మైకు తీసుకున్నాడు. నేను పోశవ్వ తమ్ముణ్ణి, పుస్తకంల పడ్డది మా అక్క మాట కాదు, ఆమె అన్నది ఇది అని, బిందె దగ్గర మొదలుపెట్టి, అప్పుడు అడుగు బిడ్డా దాకా, ఆమె అన్నది అన్నట్టే చెప్పాడు. చప్పట్లు పడలేదు. ఒకతను నెత్తి మీది టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

గింతేనా కాకా అని వెనుక నుంచి ఎవరో అడిగారు.

"గింతే" అన్నాడు మొగిలి.

షిఫ్టువాళ్ళంతా లోపలికి దిగిపోయారు. నాయకుడు మైకు సర్దుకొని వెళ్ళిపోయాడు. మొగిలి మాత్రం ఇంటికి పోలేదు. రెండో షిఫ్టువాళ్ళకు కూడా చెప్పాలని గేటు పక్క గట్టు మీద కూర్చున్నాడు.