గంటకు ఎన్ని గీతలు

నేను ఒక గాజు గొట్టాన్ని. జానెడు కన్నా నాలుగు వేళ్లు ఎక్కువ పొడవు, పెన్సిల్ కన్నా సన్నం. ఒంటి మీద సున్నా నుంచి రెండు వందల దాకా గీతలు ఉంటాయి. గీతకూ గీతకూ మధ్య ఒక్క మిల్లీమీటరు. మనిషి నెత్తురును గడ్డకట్టనివ్వని మందుతో కలిపి నాలో సున్నా దాకా నింపి, స్టాండులో నిటారుగా నిలబెట్టి, గంటసేపు కదపకుండా వదిలేస్తారు. గంట తర్వాత ఎర్ర కణాలు ఎన్ని గీతలు కిందికి దిగాయో చూసి కాగితం మీద రాస్తారు. దాన్ని ఈఎస్ఆర్ అంటారు. ఇదే నా వ్యాపారం. సరుకు మనుషులది, తూకం నాది.

ఒంట్లో ఎక్కడైనా వాపో మంటో ఉంటే కాలేయం కొన్ని జిగురు పదార్థాలను నెత్తురులోకి వదులుతుంది. వాటివల్ల ఎర్ర కణాలు పళ్లేల దొంతరల్లా ఒకదానికొకటి అంటుకుని, బరువెక్కి, గబగబా దిగుతాయి. మంట లేనివాడి నెత్తురు తీరిగ్గా దిగుతుంది. మంట ఉందని చెప్పగలను గానీ ఎక్కడుందో చెప్పలేను. క్షయ అయినా, కీళ్లవాతమైనా, పుచ్చిన పన్నయినా నాకు ఒకటే గీత. తన కాటా ఏం తూచగలదో ప్రతి వ్యాపారికీ తెలుస్తుంది. ఏం తూచలేదో తెలియాలంటే మాత్రం ఒకసారి దెబ్బ తినాలి. నాకు ఆ దెబ్బ పూర్ణయ్య అనే పసుపు వ్యాపారి దగ్గర తగిలింది.

ఉత్తరాదిలో ఏదో కొలిమి దగ్గర పుట్టి, రంపపు పొట్టులో పడుకుని రైల్లో విజయవాడ చేరాను. అక్కడ సర్జికల్ సామాన్ల కొట్లో రెండేళ్లు ఉన్నాను. కొట్టు యజమాని మమ్మల్ని రోజూ తుడిచేవాడు గానీ తన నెత్తురు మాత్రం ఎప్పుడూ చూపించుకోలేదు. సొంత కొట్టు సరుకు తాను వాడితే కలిసిరాదని ఆయన నమ్మకం. తర్వాత ఒక నర్సింగ్ హోమ్ వాళ్లు కొన్నారు. అక్కడి డాక్టరు రోగులను ఉప్పు మానమని చెప్పి పంపించి, ఊరమిరపకాయ నంజుకుంటూ భోజనం చేసేవాడు. మనుషులు ఎదుటివాడికి పెట్టే కాటా ఒకటి, తమకు పెట్టుకునేది ఒకటి. అది మోసమని నేను అనను. అలవాటు. ఆ నర్సింగ్ హోమ్ మూతపడినప్పుడు, అందులో పనిచేసిన సలోమి నన్నూ మరో పదకొండు గొట్టాలనూ తెచ్చుకుని, దుగ్గిరాలలో పసుపు యార్డుకు వెళ్లే దారిలో చిన్న లాబ్ పెట్టుకుంది. మమ్మల్ని తనే కడుగుతుంది, తనే ఆరబెడుతుంది. యాభై తొమ్మిదో నిమిషంలో ఎవరైనా రిపోర్టు అడిగితే ఇవ్వదు.

పూర్ణయ్యకు యార్డులో కొట్టు ఉంది. వయసు యాభై దాటింది. పసుపు కొమ్మును రెండుగా విరిచి, ఆ చప్పుడు విని, లోపలి రంగు చూసి, ఇది ఏ ఊరి పంటో చెప్పగలడు. చేతులు మణికట్టు దాకా పసుపు, గోళ్లు పసుపు, చొక్కా కాలరు పసుపు. వానలు వెనకబట్టే రోజుల్లో మొదటిసారి వచ్చాడు. ఒళ్లంతా సలపరం, నీరసం, సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడటం. నాలో నెత్తురు నలభై ఆరు గీతలు దిగింది. ఆ వయసుకు ఇరవై దాటకూడదు.

డాక్టరు చీటీ చూస్తూ సలోమి అడిగింది. "మందు అలవాటుందా అన్నయ్యగారూ?"

"లేకేం? పొద్దుట్నించీ వేలంలో గొంతు చించుకోవాల. సాయంత్రం ఆరింటికి మొదలెడతా, ఏడింటికి ఆపేస్తా. నేను తూలగా చూసినోడు ఈ యార్డులో ఒక్కడున్నాడేమో అడుగు."

"తూలితేనేనా లెక్క?"

"దానికి విరుగుడు ఉందిలే అమ్మాయ్. పొద్దున్నే పరగడుపున వేడి పాలల్లో చెంచాడు పసుపు. ఊళ్లో వాళ్ల వాపులన్నిటికీ పసుపు పంపేది నేను. నాకు వాపేంది?"

అదీ ఆయన తూకం. సాయంత్రం ఒక తట్టలో మందు, పొద్దున రెండో తట్టలో పసుపు. ముల్లు మధ్యలో నిలబడుతుందని నమ్మకం. పసుపును నేను తక్కువ చేయను. కానీ ఒకడు రోజూ ఇంటికి నిప్పు పెడుతూ, రోజూ చెంబెడు నీళ్లు చల్లుతూ, రెండూ సమానమే అంటే ఏ వ్యాపారి ఒప్పుకుంటాడు?

సలోమి ఆయన భాషలోనే చెప్పింది. "గోతాం కుట్లు వదులైతే ఏమవుద్ది?"

"పొడి రాలుద్ది."

"మందు పేగుకి అదే చేసిద్ది. పేగులో ఉండాల్సిన క్రిముల ముక్కలు నెత్తుట్లో రాలతయ్. ముందు లివరు మీద పడతయ్. అక్కడి కాపలావోళ్లు లేచి యాగీ చేస్తారు. ఆ యాగీయే వాపు. అది తలకాయ దాకా పోద్ది. నిద్ర పట్టదు, పని మీద బుద్ధి పుట్టదు, ఊరికే చిరాకు. చిరాకు పోవాలంటే మళ్లీ మందే కావాల."

పని మీద బుద్ధి లేక తను మధ్యాహ్నం మూడింటి నుంచే గోడ గడియారం వంక చూస్తుంటాడని ఆమెకు ఎవరు చెప్పారో పూర్ణయ్యకు అర్థం కాలేదు. తర్వాత నవ్వేశాడు. "నువ్వు ఈ సీసాలు మానేసి యార్డుకి రా అమ్మాయ్, బేరం బాగా ఆడతావు" అని రిపోర్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

చలికాలంలో రెండోసారి భార్య నాగరత్నం లాక్కొచ్చింది. ఈసారి డెబ్బై ఒక్క గీతలు.

"పెరిగిందా? పెరగదూ మరి?" అంది నాగరత్నం. "మందు పెంచాడు. దానికి సరిపోవాలని పసుపు రెండు చెంచాలు చేశాడు. ఆ పాలు తాగలేక వాంతి, వాంతి తగ్గాలని మళ్లీ మందు. మా ఇంట్లో ఈయన గారు నడిపే వైద్యం ఇది."

"ఊరుకోవే, లాబ్‌లో పరువు తీస్తావు."

"పరువు నెత్తుట్లో కనపడదులే. ఏమ్మా సలోమీ, కనపడుద్దా?"

కనపడదు. నేను చూసినంతలో లేదు.

మూడోసారి పూర్ణయ్య ఒంటరిగా వచ్చాడు. పసుపు సీజను మంచి ఊపులో ఉంది. గాల్లో పసుపు, రోడ్డు మీద పసుపు, వచ్చేపోయేవాళ్ల కనుబొమల మీద పసుపు. ఆయన ముఖం చిక్కింది, పొట్ట ముందుకు వచ్చింది. గంట తిరిగేసరికి నాలో నెత్తురు ఇరవై నాలుగు గీతలే దిగింది.

"ఇరవై నాలుగా!" పూర్ణయ్య బల్ల మీద చరిచాడు. "చూశావా? నా పసుపు మాటంటే మాట." కాగితం పట్టుకుని వేలానికి పరిగెత్తాడు. నేనూ సంతోషపడ్డాను. మూడో వంతుకు దింపానని గర్వపడ్డాను.

నన్ను కడగడానికి తీసిన సలోమి కిటికీ దగ్గర ఆగిపోయింది. ఎర్ర కణాలు దిగాక పైన తేటనీరు నిలుస్తుంది. అది మామూలుగా గడ్డిపోచ రంగులో ఉంటుంది. ఆ రోజు నాలో నిలిచింది చిక్కటి పసుపునీళ్లు. నేను గీతలు లెక్కపెట్టుకోవడంలో పడి రంగు చూసుకోలేదు. సలోమి నన్ను స్టాండులో పెట్టి, చెప్పులు కూడా లేకుండా యార్డు వైపు వెళ్లింది. పావుగంటలో వేలం మధ్యలోంచి పూర్ణయ్యను పట్టుకొచ్చింది.

"చేతులు కడుక్కోండి. సబ్బుతో."

"ఎందుకంటా?"

"కడగండి, చెప్తా."

కడిగాడు. తొట్టిలోకి పసుపు కారింది. అరచేతుల్లో ధూళి పోయింది, రంగు పోలేదు. ఆమె ఆయన కింది రెప్పను వేలితో కిందికి లాగి చూసింది.

"ఎన్నాళ్ల నుంచి కళ్లు ఇట్టా ఉన్నయ్?"

"పది రోజులాయె. సీజను కదా, ధూళి."

"ధూళి కంటిమీద పడుద్ది అన్నయ్యగారూ, కంటి లోపల్నించి రాదు. ఇవి కామెర్లు."

అందరూ పచ్చగా ఉండే యార్డులో ఒక్కడి పచ్చదనం ఎవరి కంటా పడలేదు. ఇంట్లో నాగరత్నం కూడా రోజూ ఆయన దుప్పటి ఉతికి, పసుపు మరకలని తిట్టుకుని ఊరుకుంది.

"మరి అంకె తగ్గింది గదా?" అన్నాడు పూర్ణయ్య. గొంతులో వేలం పాడే బిగువు లేదు.

"ఆ జిగురు తయారుచేసేది లివరేగా. అదే పడకేస్తే అంకె దిగక ఏం చేసిద్ది? మంట ఆరి తగ్గలా. ఆ అంకెను నమ్మొద్దు."

పూర్ణయ్య సబ్బు మళ్లీ తీసుకుని మోచేతుల దాకా రుద్దాడు. కడిగాడు. చూసుకున్నాడు. మళ్లీ రుద్దాడు. సలోమి కుళాయి కట్టేసింది.

"ఈ క్షణం నుంచి మందు ముట్టను" అన్నాడు.

"ఆ పని మాత్రం చెయ్యొద్దు. ఇన్నేళ్ల అలవాటు ఇంట్లో కూర్చుని ఒక్కసారిగా ఆపితే ఫిట్సు వస్తయ్, ప్రాణం మీదకొచ్చిద్ది. ఆస్పత్రిలో డాక్టరు చేతిలో ఆపాల. ఇవాళే పోవాల."

"ఇవాళ వేలం..."

"వేలం రేపూ ఉండిద్ది" అని ఆమె నాగరత్నానికి ఫోను కలిపింది.

గుంటూరు ఆస్పత్రిలో ఇరవై మూడు రోజులు ఉన్నాడు. పొట్టలోంచి నీరు తీశారట. రెండు రాత్రులు మనిషిని గుర్తుపట్టలేదట. ఇవన్నీ సలోమి ఫోన్లో అంటుంటే విన్నాను. నేను తూచిన వేలాది తూకాల్లో ఆ ఇరవై నాలుగు ఒక్కటే నన్ను పీడిస్తుంది. గీతలన్నీ సరిగ్గానే ఉన్నాయి. చెప్పింది మాత్రం అబద్ధం.

ఆ వానాకాలమే లాబ్‌కు మిషను వచ్చింది. గంట పని ఇరవై నిమిషాల్లో చేస్తుంది. పన్నెండు మందిలో మిగిలిన మా ఏడుగురినీ సలోమి కాగితంలో చుట్టి, పాత సామాన్ల వాడికి వేయడానికి అట్టపెట్టెలో పెట్టి బల్ల కిందికి తోసింది. మిషను మీద నాకు కోపం లేదు. నాకన్నా చురుకైనది.

ఒక సాయంత్రం ఆరింటికి ఐదు నిమిషాలు ఉందనగా పూర్ణయ్య వచ్చాడు. చొక్కా కొంకికి తగిలించినట్టు వేలాడుతోంది.

"కూర్చోండి అన్నయ్యగారూ. మిషను ఇరవై నిమిషాల్లో ఇచ్చేసిద్ది."

"మిషనొద్దమ్మాయ్. ఆ పాత గొట్టం లేదూ?"

"దానికి గంట పట్టుద్దిగా."

"గంట కావాలనే వచ్చా." తల దించుకున్నాడు. "ఆరింటి నుంచి ఏడింటి దాకా ఎక్కడ కూర్చోవాలో తెలవట్లా. ఇంట్లో ఉంటే ఆవిడ నన్నే చూస్తా ఉండిద్ది. బజారుకి పోతే కాళ్లు వాటి దారిన అయ్యే పోతన్నయ్."

సలోమి మారు మాట్లాడకుండా బల్ల కిందకి వంగి, చేతికి మొదట తగిలిన నన్ను బయటికి తీసింది. కడిగింది, ఆరబెట్టింది, నెత్తురు నింపి నిలబెట్టింది. పూర్ణయ్య స్టూలు నా ఎదురుగా లాక్కుని కూర్చున్నాడు. అరగంటకు చేతులు రెండూ తొడల కింద పెట్టుకున్నాడు. జేబులో ఫోను మోగితే తీయలేదు. అది రెండోసారి మోగి ఆగిపోయింది. ఏడు దాటాక సలోమి వంగి "పంతొమ్మిది" అంది. నన్ను వెలుగులోకి ఎత్తి రంగు కూడా చూసింది. గడ్డిపోచ రంగు.

"రేపు కూడా వస్తా" అన్నాడు.

"రోజూ నెత్తురు తియ్యటం కుదరదు అన్నయ్యగారూ. మూడు నెలలకోసారి చాలు."

"నెత్తురు తియ్యకపోయినా..." అని ఆగిపోయాడు.

మర్నాడు ఆరింటికి సలోమి నన్ను ఉత్త మంచినీళ్లతో సున్నా దాకా నింపి స్టాండులో నిలబెట్టింది. మంచినీళ్లలో దిగేదేమీ ఉండదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, ఆయనకూ తెలుసు. పూర్ణయ్య గంటసేపు నన్ను చూస్తూ కూర్చున్నాడు. ఏడింటికి సలోమి వంగి గీతలు చూసి, నవ్వకుండా, "సున్నా" అంది.

"రాసుకో" అన్నాడు పూర్ణయ్య, చెప్పులు వేసుకుంటూ.