గొంతు జారే సీను

పదిహేనేళ్లుగా రజిత మగపిల్లాడే. మైకు ముందు మాత్రమే లెండి. టీవీల్లో, ఫోనుల్లో తెలుగు మాట్లాడే పరాయి దేశపు బొమ్మ పిల్లల్లో ఎంతమంది ఏడుపులు, అల్లరి, అలకలు ఆమెవో ఆమెకే లెక్క తెలియదు. నలభై రెండేళ్ల ఆడమనిషి పదేళ్ల కుర్రాడిలా మాట్లాడటమేమిటని బుగ్గలు నొక్కుకోకండి. జపాన్‌లోనూ ఎంతోమంది బొమ్మ కుర్రాళ్లకు గొంతిచ్చేది ఆడవాళ్లే. మగపిల్లల గొంతును నమ్ముకుంటే అంతే సంగతులు, చెప్పాపెట్టకుండా కథ మధ్యలో మారిపోతుంది.

అలాంటి రజితకు ఇప్పుడు గండం వచ్చిపడింది. ఆరేళ్లుగా ఆమె గొంతుతో బతుకుతున్న హారు అనే జపాన్ యానిమే బొమ్మ కుర్రాడికి మూడో సీజన్‌లో పద్నాలుగేళ్లు నిండాయి. నిండటమంటే మామూలుగానా! మన ఇళ్లలో పిల్లలు మొటిమ వస్తే గంటసేపు అద్దం వదలరు. యానిమే వాళ్లకు అంత చిన్న విషయాలు ఆనవు. హారుకు తల మీద రెండు కొమ్ములు మొలిచాయి, వెనక తోకొచ్చింది, మాట మధ్యలో గొంతు కీచుమని జారడం మొదలైంది.

"క్లయింటు మగ గొంతు పెట్టమంటున్నారండి," అన్నాడు డబ్బింగ్ డైరెక్టర్ వెంకట్. "నేనే బతిమాలాను. శనివారం ఒక్క సీను చెప్పి వినిపించండి, చాలు. గొంతు నిజంగా జారాలి. కుదరకపోతే హారుని వదులుకోవాలండి, ఏమీ అనుకోకండి."

వదులుకోవడమా! రజిత అక్కడికక్కడే సాధన మొదలెట్టింది. ఖాజాగూడ స్టూడియో నుంచి బోరబండలో ఇంటిదాకా ఆటోలో గొంతు జారుస్తూనే వచ్చింది. డ్రైవరు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. ఇంట్లో మొదలుపెట్టేసరికి పక్కింటి కమలమ్మ గోడ మీదుగా తొంగిచూసి, "ఏం రజితా, కోడిని తెచ్చినవా?" అనడిగింది.

అప్పుడు తట్టింది ఆమెకు. తొమ్మిదో తరగతి చదివే కొడుకు ఆకాష్ ఉండగా తనకు పరేషానెందుకు? వాడి గొంతు నెల నుంచి అలాగే జారుతోంది. నేర్చుకోవాలంటే వాడితో అరిపించాలి, అంతే కదా. రజిత వాడి చార్జరు దాచింది, వరసగా రెండు పూటలా కాకరకాయే వండింది.

"అమ్మా, ఏందే గిది!" అని వాడు అరిచాడు. సగంలో గొంతు జర్రున పైకి పోయి కీచుమంది.

"అదీ! గదే! మళ్ల అనురా, జర గట్టిగ!" రజిత చప్పట్లు కొట్టింది. చేతిలో ఫోను రికార్డు చేస్తూనే ఉంది.

ఆకాష్ మొహం మాడిపోయింది. "క్లాసుల పాఠం చదివితే అందరు నవ్విన్రు. ఇప్పుడు నువ్వు సుత," అని తలుపేసుకున్నాడు.

అంతే, ఆ తర్వాత వాడి నోట్లోంచి మాట లేదు. అన్నం పెట్టమని వాట్సాప్, పప్పులో ఉప్పు తక్కువైందని వాట్సాప్. రజిత వాడి ఎదురుగానే రికార్డింగు తీసేసింది. "తప్పయిందిరా, బుద్ధి గడ్డి తిన్నది," అంది. వాడు ఫోనులో బొటనవేలు బొమ్మ పంపి ఊరుకున్నాడు. మూడు రోజులు గడిచేసరికి హారు పోతాడన్న భయం వెనక్కి పోయి, వీడిక తనతో మాట్లాడడేమోనన్న భయం ముందుకొచ్చింది. రాత్రి కూర తాలింపు వేస్తూ ఏడ్చింది కూడా.

శనివారం స్టూడియోకు రమ్మంటే మాత్రం వచ్చాడు. అమ్మ మీద ప్రేమ పొంగి కాదు, కొత్త సీజన్ అందరికంటే ముందు చూడొచ్చని. అద్దానికి అవతల సౌండ్ ఇంజినీరు సుష్మ పక్కన కుర్చీలో కూర్చున్నాడు.

తెర మీద గాలికి హారు టోపీ ఎగిరిపోయింది. ఎదురుగా వాళ్లమ్మ నోరు తెరుచుకుని కొమ్ముల వంకే చూస్తోంది. హారు అనాలి: "అమ్మా, అలా చూడకు. లోపల ఉన్నది నేనే."

రజిత చెప్పింది. కోడి మెడ నులిమినట్టు వచ్చింది. మళ్లీ చెప్పింది, ఈసారి కోడి చచ్చింది. ఆరో టేకుకు గొంతు మంటెత్తింది. "పోనీలెండి రజిత గారూ..." అన్నాడు వెంకట్ మెల్లగా. ఆ 'పోనీలెండి'కి ఆమె హెడ్‌ఫోన్లు తియ్యబోయింది.

సుష్మ ముందున్న మీట నొక్కితేనే బయటి మాట లోపలికి వినిపిస్తుంది. ఆకాష్ చెయ్యి చాచి దాన్ని నొక్కాడు.

"అమ్మా, ఆపు."

ఇన్ని రోజుల తర్వాత హెడ్‌ఫోన్లలో ఆ గొంతు వినగానే రజిత అద్దం వైపు తిరిగింది.

"నువ్వు కావాలని జారుస్తున్నవ్. మేం గట్ల చెయ్యం. జారకుండా గట్టిగ పట్టుకుంటం. పట్టుకున్నా..." అక్కడ వాడి గొంతు జారింది, గదంతా వినిపించేలా. వాడు ఆగాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఎవరూ నవ్వలేదు. "పట్టుకున్నా జారుతది. గంతే," అని ముగించాడు.

రజిత మంచినీళ్లు తాగి మైకు ముందుకొచ్చింది. ఈసారి జార్చాలనుకోలేదు. జారకూడదు, వాడి ముందు పరువు పోకూడదని గొంతును బిగబట్టి మొదలుపెట్టింది. "అమ్మా, అలా చూడకు" గట్టిగానే నిలబడింది. 'లోపల' దగ్గర చేతిలోంచి గ్లాసు జారినట్టు జారిపోయింది. 'నేనే' అనేసరికి ఆమెకు నిజంగానే ఏడుపొచ్చింది.

"ఓకే అండి!" వెంకట్ బల్ల మీద చరిచాడు. "ఇది వింటే క్లయింటు నోరెత్తడు." ఆ ఊపులో ఆకాష్ వైపు తిరిగాడు. "ఏం బాబూ, ఇంత తెలిసినవాడివి, హారుకి నువ్వే చెప్పెయ్యరాదూ?"

నవ్వులాటకే అన్నాడు గానీ, అద్దం ఇవతల రజిత చేతిలోని స్క్రిప్టును గుండెకు అదుముకుంది.

ఆకాష్ మీట మీది వేలు తియ్యలేదు. "నా గొంతు ఇంక తయారు కాలే సార్," అన్నాడు. మధ్యలో అది రెండుసార్లు కీచుమన్నా ఆగకుండా, గొంతు సవరించుకోకుండా చెప్పాడు. "టైం పడతది. గప్పటిదాక హారును అమ్మ దగ్గరనే ఉండనియ్యున్రి."