హ్యాండిలు ఎత్తు

"హ్యాండిలు బిగించాలి. గడ్డి కోసేది ఎవరు సార్?" అని అడిగాడు షాపతను.

"నేనే," అన్నాడు మా ఆయన.

తడుముకోలేదు. పక్కనే ఉన్నాను నేను, కుడి మణికట్టుకి పట్టీ కట్టుకుని. ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది. అబద్ధమాడి ఉంటే అంత మండేది కాదేమో. అబద్ధమాడే మనిషి ఒక్కసారైనా నా వంక చూస్తాడు కదా! ఈయన చూడలేదు. ఆరడుగుల మనిషి, గడ్డి కోసే మిషను హ్యాండిలు పొట్ట దాకా లాక్కుని "ఇంకాస్త ఎత్తుండాలి" అంటున్నాడు. పన్నెండేళ్ళుగా మా ఇంటి ముందు గడ్డి తానే కోస్తున్నానని ఆయన నిజంగానే నమ్ముతున్నాడు.

ఎలా నమ్ముతాడంటే, నమ్ముతాడు మరి. ఆ గడ్డి పరిచింది ఆయనే, కాదనను. ఇంట్లోకి వచ్చిన కొత్తలో ఒక ఆదివారమంతా మట్టిలో మోకాళ్ళ మీద కూర్చుని, చాపల్లా తెచ్చిన పచ్చికని ముక్క ముక్కగా పేర్చాడు. రోజూ సాయంత్రం లైబ్రరీలో ఉద్యోగం ముగించుకుని రాగానే గేటు దగ్గర నిలబడి నీళ్ళు పడతాడు. సరిగ్గా అప్పుడే ఎదురింటి పోస్టుమాస్టరు గారు వాకింగుకి బయల్దేరుతూ ఆగి, "మీ చేతిలో ఏం మహిమ ఉందో గానీ, తివాచీ పరిచినట్టు ఉంచారండీ" అంటారు. "ఏదో, మన సరదా" అంటాడీయన. ఎవరైనా చుట్టాలొస్తుంటే ఏడాదికోసారి కత్తెర తీసుకుని గేటు పక్కన నాలుగు కత్తిరింపులు కూడా కత్తిరిస్తాడు.

మిగతాది నేను. ఐదున్నరకి పొయ్యి మీద పాలు పెట్టి, అవి కాగేలోపు ఒక వరస. అత్తయ్యకి కాఫీ ఇచ్చొచ్చి ఇంకో వరస. చిన్న పీట వేసుకుని, పెద్ద కత్తెరతో, పీట జరుపుకుంటూ జరుపుకుంటూ వారానికి మూడు పొద్దులు. ఆయన లేచి పేపరు పట్టుకుని వరండాలోకి వచ్చేసరికి గడ్డి ఎప్పుడూ కోసే ఉంటుంది. దాన్ని ఎవరు కోశారని ఆయనెందుకు అడుగుతాడు? కడిగి బోర్లించిన గిన్నెల్ని ఎవరు కడిగారని మాత్రం ఎప్పుడు అడిగాడు గనక! ఒకసారి ఉండబట్టలేక అత్తయ్యతో అన్నాను, "గడ్డి కూడా నా నెత్తినే పడిందత్తయ్యా" అని. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, "నీకెందుకే ఆ గొడవ, వాడు చూసుకుంటాడుగా. వాడికి ఆ గడ్డంటే ప్రాణం" అంది. ప్రాణం ఆయనది, చెయ్యి నాది అనబోయి మింగేశాను. ఇంట్లో నేను మింగేసిన మాటలు అలాంటివి చాలా ఉన్నాయి.

నేను బట్టల ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ని. నా కింద ముప్ఫై రెండు కుట్టుమిషన్లు, ముప్ఫై ఇద్దరు ఆడవాళ్ళు. కొత్తమ్మాయి ఎవరు చేరినా నేను ముందు చూసేది ఆ పిల్ల కుర్చీ ఎత్తు. అంగుళం తేడా ఉంటే నెల తిరక్కుండా భుజం పట్టేస్తుంది, ఆర్నెల్లకి పిల్ల పని మానేస్తుంది. అందుకే ఎన్ని కుర్చీల కింద చెక్కలు కొట్టించానో లెక్కలేదు. "ఇది ఫ్యాక్టరీనా, వడ్రంగి కొట్టా తల్లీ?" అని మా మేనేజరు వెటకారం. ఇంత తెలిసిన దాన్ని, మా ఇంట్లో వంటగట్టు నా గుండెల దాకా ఉంటే పన్నెండేళ్ళు మునివేళ్ళ మీద నిలబడి కూర కలిపాను. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రి "గట్టు ఎత్తెంత సార్?" అని ఈయన్నే అడిగాడు. ఈయన తన నడుం దగ్గర చెయ్యి పెట్టి చూపించాడు. అప్పుడూ నేను పక్కనే ఉన్నాను.

ఈ మధ్య కుడిచేతి వేళ్ళు తిమ్మిరెక్కి గుండుసూది నిలవడం లేదు. కాలర్లు చూస్తుంటే రెండుసార్లు జారిపోయింది. ఎదుటమ్మాయి తీసిచ్చి చూడనట్టు తల దించుకుంది. డాక్టరమ్మ మణికట్టు నొక్కి చూసి, "ఇంట్లో ఏం కోస్తారు?" అని అడిగింది. చెప్పాను. "ఆ కత్తెర మానకపోతే ఆపరేషన్ తప్పదు. ఆ తర్వాతైనా పట్టు మొత్తం తిరిగొస్తుందని చెప్పలేను" అంది. నిజంగా భయమేసింది. గుండుసూది పట్టలేని సూపర్‌వైజర్ని ఎవరు ఉంచుకుంటారు? ఇంటికొచ్చి చెప్తే ఈయన "అయ్యో" అన్నాడు. ఆ అయ్యో కూడా నిజమే, మనిషి చెడ్డవాడు కాదు. "అయితే ఇక నువ్వు అంచులు కత్తిరించడం మానెయ్. తోసే మిషను కొనేద్దాం, నాకూ ఎప్పట్నుంచో మనసులో ఉంది" అన్నాడు.

అంచులట!

అలా వచ్చాం ఈ షాపుకి. కరెంటు అక్కర్లేని, పెట్రోలు అక్కర్లేని మిషన్లు రెండున్నాయి. రెండు చక్రాల మధ్య గుండ్రంగా తిరిగే ఐదు బ్లేళ్ళు, వాటి కింద కదలని బ్లేడొకటి. తోస్తే కోస్తుంది, ఆపితే ఆగుతుంది. ఈయన చూడగానే పెద్దది పట్టుకున్నాడు. "నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగితే చాలు, అయిపోతుంది."

"ఆగండి," అన్నాను.

సంచీలోంచి టేపు తీసి చక్రం నుంచి చక్రానికి కొలిచాను. ఇరవై అంగుళాలు. గోడకీ గులాబీ కుండీలకీ మధ్య ఉన్నది పద్దెనిమిదే, అక్కడ వెయ్యిసార్లు కూర్చున్నదాన్ని. అంటే అక్కడ మళ్ళీ కత్తెరే. చిన్నది పదిహేను. ఎడమచేత్తో ఎత్తితే లేచింది. పేపరు ముక్క చింపి బ్లేళ్ళ మధ్య పెట్టి చక్రం తిప్పాను. పెద్దదాంట్లో ఒక పక్క నలిగి ఊరుకుంది, చిన్నదాంట్లో ఈ చివర నుంచి ఆ చివర దాకా తెగింది.

"మేడమ్‌కి బాగా తెలుసే!" అన్నాడు షాపతను.

"బట్టల ఫ్యాక్టరీ కదయ్యా, కత్తెర్లు అలవాటు," అని నవ్వాడీయన. "సర్లే, చిన్నదే ఇవ్వు." కోసేది ఎవరని షాపతను అడిగిందీ, ఈయన "నేనే" అన్నదీ అప్పుడే.

హ్యాండిలుకి మూడు గొట్టాలు. మధ్య ముక్క పెడితే పొడుగువాళ్ళకి, తీసేస్తే పొట్టివాళ్ళకి. షాపతను ముక్క చేతిలోకి తీసుకున్నాడు.

"అది తీసెయ్యండి," అన్నాను. "గడ్డి కోసేది నేను."

"నువ్వా? చేతికి ఆ కట్టు పెట్టుకునా?"

"ఈ కట్టు దేనికొచ్చిందనుకుంటున్నారు?"

"అదే, అంచులు..."

"అంచులు కాదండీ. గోడ దగ్గర్నుంచి గేటు దాకా, మొత్తం. పన్నెండేళ్ళ నుంచి. మీరు లేచేసరికి అయిపోయేది, అంతే."

షాపతను రెంచి కోసం కిందికి వంగి, అవసరమైన దానికన్నా ఎక్కువసేపు వెతికాడు. ఈయన నా పట్టీ వంక చూశాడు. మొహం కందిపోయింది.

"మరి ఇన్నాళ్ళూ చెప్పొచ్చుగా నాకు?"

"ఇప్పుడు చెప్తున్నా."

షాపతను ముక్క లేకుండా బిగించి, షాపు ముందున్న కాస్త పచ్చికలో మిషను పెట్టాడు. పట్టుకున్నాను. మోచేతులు పక్కటెముకలకి ఆనాయి, మణికట్టు తిన్నగా ఉంది. తోశాను. చిన్న గరగర చప్పుడు, వెనక సన్నటి తుంపరలా గడ్డి. ఎక్కడా నొప్పి లేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇంత చిన్న సంగతి, ఇన్నేళ్ళు!

ఈయన వెనకాలే వచ్చి నిలబడ్డాడు. "బానే ఉంది గానీ, ఎప్పుడైనా నేను తోయాలంటే నడుం వంగిపోతుంది కదా."

"దానిదేముంది సార్," అని షాపతను ఆ మిగిలిన గొట్టం ముక్కని కాగితంలో చుట్టి నా చేతికివ్వబోయాడు. "ఇంట్లో పెట్టుకోండి మేడమ్. సార్ కోసేటప్పుడు మీరే మళ్ళీ బిగించివ్వొచ్చు, రెండే నట్లు."

నేను చెయ్యి చాపలేదు.

"మీ దగ్గరే ఉంచండి. కోయాలనిపించిన రోజు ఆయనే వచ్చి తీసుకెళ్తారు."

ఏడు నెలలైంది. నా వేళ్ళ తిమ్మిరి చాలా వరకు తగ్గింది, గుండుసూది నిలుస్తోంది. ముక్క ఇంకా ఆ షాపులోనే ఉంది.