పదిహేడో ప్రశ్న

ఆ పేటలో ఆమెకు ప్రశ్నలమ్మ అని పేరు పడిపోయింది. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ట్యాబ్, భుజాన బరువు తూచే మిషను. సిగరెట్లు కాలుస్తారా, రోజూ నడుస్తారా, ఏ మందులు వాడతారు అని ఇల్లిల్లూ తిరిగి అడిగే ఆరోగ్య సర్వే ఉద్యోగం. అడగడంలో ఆమెకు సాటి లేరు. అడిగి ఊరుకోవడమే చేతకాదు.

పోయిన వారం ఒక పెద్దాయన రోజుకు పన్నెండు టీలు తాగుతానన్నాడు. "పన్నెండే! తగ్గించండి బాబాయ్, నిద్రెలా పడుతుంది?" అని నోరు జారింది. తనిఖీకి ఫోన్ చేసిన సూపర్‌వైజరుకి ఆ మహానుభావుడు పూస గుచ్చినట్టు చెప్పేశాడు.

సూపర్‌వైజరు అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "మన పని జనాన్ని కొలవడం, మార్చడం కాదు. ప్రశ్న ఉన్నదున్నట్టు చదువు. అవతలివాళ్ళకి అర్థం కాకపోతే మళ్ళీ చదువు. ఇంకోసారి సలహా అని విన్నానో, కార్డు ఇక్కడ పెట్టి వెళ్ళిపో." అని సొరుగులోంచి ఒక మాత్ర తీసి గుటుక్కున మింగాడు. "మీ అందరి వల్లే నాకీ టెన్షన్!"

చెప్పులరిగేలా తిరిగితే దొరికిన ఉద్యోగం. ప్రశ్నలమ్మ నోటికి తాళం వేసుకుంది.

ఇవాళ దర్జీ పిన్ని ఇల్లు. ముందుగదిలో కుట్టుమిషను, నేల నిండా దారప్పోగులు, మూల కుర్చీలో పేపరు చాటున రిటైరైన కండక్టరు భర్త. పదహారు ప్రశ్నలూ సాఫీగా నడిచాయి. మందులు కళ్ళతో చూసి రాయాలని నియమం గనక, చూపించమంది. పిన్ని బొత్తాల డబ్బా తెచ్చి మూత తీసింది. లోపల కత్తెరతో సగానికి కోసిన మాత్రలు.

"మావారి బీపీ మాత్రలు," అంది పిన్ని గొంతు తగ్గించి. "సగం ఆయనకి, సగం నాకు."

ప్రశ్నలమ్మ పదిహేడోది చదివింది. "ఈ మందు డాక్టరు మీ కోసమే రాసిచ్చారా?"

"ఆయనకి రాస్తే నాకు రాసినట్టే. ముప్ఫై ఏళ్ళ కాపురం మాది! అప్పట్లో ఆయనకీ కళ్ళు తిరిగేవి, దీంతోనే తగ్గింది. నాకు మాత్రం ఇంకా ఎక్కువవుతోంది. సగం చాలట్లేదేమో, రేపట్నుంచి నిండు మాత్ర వేసుకుంటా."

పిన్ని పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. లేచేటప్పుడు కుట్టుమిషను పట్టుకుని లేచింది. వద్దు పిన్నీ అన్న మాట ప్రశ్నలమ్మ గొంతుదాకా వచ్చింది. చెయ్యి మెడలో కార్డు మీదికి పోయింది. మాట మింగేసింది.

"ఈ మందు డాక్టరు మీ కోసమే రాసిచ్చారా?"

"చెప్పాను కదమ్మా."

"ఈ మందు. డాక్టరు. మీ కోసమే. రాసిచ్చారా?" ఒక్క ముక్క మార్చలేదు. గొంతు మాత్రం కాస్త పెంచింది.

పేపరు కిందికి దిగింది. "నువ్వు వేసుకుంటున్నావా? డాక్టరే సగం చాలన్నాడని నాతో చెప్పావే!"

ఇక మొగుడూ పెళ్ళాలిద్దరూ వాదులాటకి దిగారు. సందు దొరికినప్పుడల్లా ప్రశ్నలమ్మ మధ్యలో మళ్ళీ చదివింది. అయిదోసారికి పిన్నికి ఒళ్ళు మండింది.

"నీ పోరు పడలేను తల్లీ! ఇప్పుడే వెళ్ళి రాయించుకొస్తా, అప్పుడు అవునని రాసుకో!" అని డబ్బా సంచిలో పడేసుకుంది. ప్రశ్నలమ్మ వినయంగా 'కాదు' అని నొక్కింది.

నాలుగు రోజులకి సూపర్‌వైజరు పిలిచాడు. కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళింది.

"దర్జీ ఇంటికి ఫోన్ చేశా. సలహా ఇచ్చిందా అని అడిగా."

ప్రశ్నలమ్మ కార్డు తీయడానికి సిద్ధపడింది.

"ఒక్క సలహా కూడా ఇవ్వలేదట. ఒకే ప్రశ్న అయిదుసార్లు అడిగి చంపావట. ఉక్రోషంతో డాక్టరు దగ్గరికెళ్తే, బీపీ లేదు, ఒంట్లో రక్తమే తక్కువగా ఉంది అన్నాడట. నిండు మాత్ర వేసుకునుంటే మిషను మీదే పడిపోయేదాన్నని ఏడుస్తోంది ఆవిడ. అయిదుసార్లెందుకు చదివావ్?"

"అర్థం కాకపోతే మళ్ళీ చదవమన్నది మీరే కదా సార్."

ఆయన నవ్వు ఆపుకోవడానికి తంటాలు పడుతూ, అలవాటు కొద్దీ సొరుగు లాగి మాత్ర తీశాడు. మందుల కవరు మీద పెద్ద అక్షరాలతో 'శ్రీమతి' అని ఉంది.

"సార్, ఈ మందు డాక్టరు మీ కోసమే రాసిచ్చారా?"

"మా ఆవిడకి రాస్తే నాకు..." అని సగంలో ఆగిపోయాడు. మాత్ర చేతిలోనే ఉండిపోయింది.

ప్రశ్నలమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మళ్ళీ చదవమంటారా సార్?"