ఎత్తివేయు విషయము

ఇరవై రెండేళ్ళుగా ఈ కౌన్సిల్‌కు మినిట్స్ రాస్తున్నాను. సభ్యులు నోటికొచ్చినట్టు వాగినదాన్ని, మనుషులు మాట్లాడినట్టుగా కాగితం మీద పెట్టడమే నా ఉద్యోగం. ఒక్క అక్షరం కూడా తప్పు పోనివ్వనని నాకు మహా గీర. పక్క సీటు టైపిస్టు ఒకసారి ‘తీర్మానము’లో దీర్ఘం మింగేస్తే వారం రోజులు దెప్పాను.

అలాంటి నేను, ఆ రోజు సభలో ఆరో అంశం పైకి చదివాక కాగితాన్ని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని మళ్ళీ చూశాను.

‘వీధి చివరి బస్టాపు ఎత్తివేయు విషయము.’

ఆ అర్జీ మా అక్కది. బట్టలు కుట్టే కార్ఖానాలో పనిచేస్తుంది, మోకాళ్ళు అరిగిపోయాయి. బస్టాపు అరుగు పల్లంగా ఉండడంతో బస్సు మెట్టు అందదు. పోయిన వారం సగం ఎక్కి జారిపోతుంటే కండక్టర్ రెక్క పట్టుకుని లాగాడట. ‘అరుగు ఒక జానెడు ఎత్తు చేయించండి’ అని రాసిచ్చింది. దాన్ని ఒక్క ముక్కలో అజెండాకు ఎక్కించింది నేనే. అంతకుముందు అంశం ‘చెత్తకుండీలు ఎత్తివేయు విషయము’. ఆ ఊపులో నా చెయ్యి బస్టాపును కూడా ఎత్తివేసింది.

ఈ బస్టాపు పోతే తరవాతి దానికి కిలోమీటరు పొడవునా మిట్ట ఎక్కాలి. పది నిమిషాలు ఆలస్యమైతే కార్ఖానాలో మెషిను ఇంకొకరికి ఇచ్చేస్తారు. తోడబుట్టినదాని నోటి దగ్గర కూడు నా చేత్తో నేనే లాగేశాను. ఆవిడేమో జనం కూర్చునే బెంచీ మీద నుంచి నన్ను చూసి నవ్వుతోంది, తమ్ముడు పని చేయించేస్తున్నాడని.

‘‘మా వీధిలో బస్టాపు వద్దు మొర్రో అని పౌరులే అడుగుతున్నారంటే ఎంత చైతన్యమండీ!’’ అన్నారు అధ్యక్షుల వారు.

రవాణా సంఘం సభ్యుడు లేచాడు. ‘‘బస్టాపు ఉంటే బస్సు ఆగుతుంది. బస్సు ఆగితే వెనకాల ట్రాఫిక్ ఆగుతుంది. మూలం తీసేస్తే సరి!’’

‘‘అసలు మా ప్లానులో అక్కడ బస్టాపే లేదు. లేనిదాన్ని తియ్యడానికి ఖర్చుండదు’’ అన్నాడు ప్రణాళికాయన.

ప్రజాసేవల సభ్యురాలికి మాత్రం మనసొప్పలేదు. ‘‘పాపం ముసలివాళ్ళు ఎక్కడ కూర్చుంటారు? బస్టాపు తీసేసి, బెంచీ ఉంచుదాం.’’

‘‘బెంచీ మీద కూర్చుని దేనికోసం ఎదురుచూస్తారండీ?’’ అడిగాడు ప్రణాళికాయన.

‘‘అది వచ్చే సమావేశంలో చర్చిద్దాం.’’

అందరూ బల్లలు చరిచారు. అక్క మొహంలో నవ్వు పోయింది. నేను ఉండబట్టలేక లేచి నిలబడ్డాను.

‘‘అయ్యా, తప్పు నాదండీ. ఎత్తివేయడం కాదు, ఎత్తు చేయడం.’’

అధ్యక్షుల వారు కళ్ళజోడు పైనుంచి చూశారు. ‘‘నువ్వు మాట్లాడితే మినిట్స్ ఎవరు రాస్తారయ్యా?’’

‘‘ఎవరూ రాయరండీ.’’

‘‘మినిట్స్‌లో లేనిది సభలో జరిగినట్టు కాదు. కూర్చో. బస్టాపు ఎత్తివేత, ఏకగ్రీవం!’’

బయట వరండాలో అక్క నన్ను పట్టుకుంది. ‘‘చిన్నప్పట్నుంచీ ఇంతేరా నువ్వు! ముందు చూడకుండా రాయడం, తరవాత మిడిసిపడడం. రేపట్నుంచి నేను పనికెట్లా పోవాలి? నీ గీర మీదెక్కి పోనా?’’

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ‘‘సభ తీర్మానించేసిందక్కా. ఇప్పుడేం చెయ్యను?’’

‘‘మినిట్స్‌లో లేనిది జరిగినట్టు కాదని ఆయనే అన్నాడుగా. మరి రాసేది ఎవరురా, మొద్దూ?’’

సీట్లోకి వెళ్ళి కూర్చున్నాను. ‘వీధి చివరి బస్టాపు అరుగును ఒక జానెడు ఎత్తు చేయాలని సభ ఏకగ్రీవంగా తీర్మానించడమైనది’ అని రాశాను. సర్వీసులో కావాలని రాసిన మొదటి అబద్ధం. అయినా రెండుసార్లు చదివి చూసుకున్నాను, అక్షరదోషం ఒక్కటీ లేదు. అధ్యక్షుల వారు ఫోన్‌లో ఎవరినో కేకలేస్తూ, ఇరవై రెండేళ్ళుగా పెట్టినట్టే, చదవకుండా సంతకం పెట్టేశారు.

రెండు నెలల్లో అరుగు లేచింది. ప్రారంభోత్సవానికి అధ్యక్షుల వారు దాని మీదికెక్కి మైకు పట్టుకున్నారు. ‘‘ఈ అరుగు నా ఎన్నాళ్ళ కలో మీకు తెలీదు! ఆనాడు సభలో ఒంటరిగా పోరాడాను!’’ అన్నారు. రవాణా సంఘం సభ్యుడు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. నేను కూడా కొట్టాను, ఏం చెయ్యను మరి.

ఇంతలో బస్సు వచ్చింది. టిఫిన్ డబ్బా సంచి భుజాన వేసుకుని అక్క జనాన్ని తోసుకుంటూ వచ్చింది.

‘‘కాస్త జరగండి బాబూ. నాకు టైమైపోతోంది.’’

ఆయన జరిగారు. ఈ మొత్తం వ్యవహారంలో సభ తరఫున నిజంగా జరిగింది అదొక్కటే. అక్క కుడికాలు మెట్టు మీద పెట్టి, ఎవరూ రెక్క పట్టుకోకుండానే బస్సెక్కేసింది.