కొండ బొమ్మ వేసిన తెర

నేను ఒక తెల్లటి తెరను. సరిగ్గా చెప్పాలంటే, ఒకప్పుడు తెల్లటి తెరను. పెద్దాపురం దగ్గర మగ్గం మీద రెండు ముక్కలుగా పుట్టాను. ఒక టూరింగ్ టాకీస్ యజమాని వాటిని కలిపి కుట్టించాడు. ఆ కుట్టు కథానాయకుల ముక్కుల మీదుగా పోయేది. అయినా జనం నా ఎదుట కూర్చుని వెక్కివెక్కి ఏడ్చేవారు. ఆట అయ్యాక ఒక్కరూ వెనక్కి తిరిగి చూసేవారు కాదు. వాళ్లు చూస్తున్నది నన్ను కాదని త్వరగానే తెలుసుకున్నాను.

టాకీస్ మూతపడ్డాక నన్ను సత్యవేణి కొనుక్కుంది. డ్రాయింగు టీచరుగా పనిచేసి రిటైరైన మనిషి. పెళ్లి చేసుకోలేదు. మారేడుమిల్లి అడవుల్లో, వెదుళ్లపాడు అనే కొండరెడ్ల గూడెంలో ఒక గదిలో ఉండేది. గూడెం పైనున్న కొండను ఎప్పుడో కలప కోసం నరికేశారు. వాగు మాఘమాసానికే ఎండిపోయేది. ఆ బోడికొండ మీద మళ్లీ వర్షారణ్యం పెంచాలని ఆమె పట్టుదల. లోయలో మిగిలిన కాస్త తడి అడవిని ఏడాదిపాటు ఒంటరిగా తిరిగి సినిమా తీసింది. తీసినది రోజూ నా మీద వేసుకుని చూస్తూ, నాతోనే మాట్లాడుతూ అన్నం తినేది. ఆ గదికి ఇంకెవరూ వచ్చేవారు కాదు.

ఒక ఆదివారం బడి కిటికీలు మూసి, కొండ మీద ఇలాంటిదే నాటుదామంటూ గూడెం వాళ్లకు ఆ సినిమా చూపించింది. ఆకుల మీద జారే నీళ్లు, నాచు పట్టిన మానులు, పక్షులు. అయిపోయాక ముత్యాలమ్మ అనే నడివయసు ఆవిడ లేచింది.

"ఇంత అడివి తీశావు గానీ టీచరమ్మా, ఇందులో ఒక్క మడిసి లేడేంటి? మమ్మల్ని ఈడనించి లేపేసి నాటుతారా?"

జనం వెళ్లిపోయారు. సత్యవేణి నన్ను మడతపెడుతూ, "నేనే వాళ్లను తీసేశాను. చూసుకోనేలేదు," అంది.

మర్నాడు నన్ను చంకన పెట్టుకుని ముత్యాలమ్మ ఇంటికి వెళ్లింది.

"నరకకముందు కొండ ఎలా ఉండేదో చెప్పు, దీని మీద రంగులతో వేస్తాను."

"దీని మీదా? మళ్లీ సినిమా ఆడదు కదా!"

"ఆడకపోతే పోనీ."

అలా నా తెలుపు పోయింది. ముత్యాలమ్మ వేలు పెట్టి చూపించేది. "ఈడ జీలుగు సెట్టు. దాని కింద మా ఆయన కల్లు దించేవోడు. ఆడ మా అమ్మ గడ్డలు తవ్వేది." వారం తిరగకముందే ఇంటింటి నుంచీ వచ్చి కూర్చున్నారు. ఎవరి మనుషులను వాళ్లు నా మీదికి ఎక్కించుకున్నారు. సత్యవేణి ఆ గొడవంతా కెమెరాతో తీసింది. ఆ రెండో సినిమాను బడి గోడ మీద వేశారు. అందులో నన్నూ తమనూ చూసి జనం నవ్వడం బయట దండెం మీద నుంచి విన్నాను. దిగువ పొలాలు తమవిగానే ఉంచుకుని, కొండపైభాగం నాటడానికి పదమూడు కుటుంబాలు ఒప్పుకున్నాయి.

తర్వాత నన్ను విశాఖలో ప్రదర్శనకు తీసుకెళ్లారు. అక్కడి మ్యూజియం వాళ్లు అడిగితే సత్యవేణి ఇచ్చేసింది. "కొండకు గూడెం వాళ్లున్నారు. నిన్ను ఇక్కడివాళ్లు చూడాలి," అని నా అంచు సర్ది వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. ఇప్పుడు నాకు అద్దం ఉంది, దీపం ఉంది, గాలి లేదు. చూసేవాళ్లు నాకు వీపు తిప్పి తమను తాము ఫోటో తీసుకుంటారు.

మొన్న ముత్యాలమ్మ వచ్చింది. తల నెరిసింది. అద్దం మీద చెయ్యి ఆనించి చూసింది.

"ఇప్పుడు ఇలా లేదు మా కొండ," అంది కాపలా మనిషితో. "మేం నాటినవి కొన్ని పోయాయి. నాటనివి ఎన్నో లేచాయి. సూపు పోయింది టీచరమ్మకి. రోజూ మా పిల్ల చెయ్యి పట్టుకుని పైకెక్కి, ఆకులు తడిమి పేర్లు చెబుతాది."

"అద్దం ముట్టుకోకమ్మా," అన్నాడు అతను.

ఆమె చెయ్యి తీసేసి వెళ్లిపోయింది. ఆ కొత్తగా లేచిన చెట్లేమిటో చెప్పలేదు. నా మీద వాటికి చోటు లేదు. హాలు మూసే వేళ దీపాలు ఆర్పుతుంటే, సత్యవేణి తడిమే ఆకులు ఎలా ఉంటాయోనని ఊహించుకుంటూ ఉంటాను.