మిలటరీ జీను

నేను ఒక తోలు జీనును. కాన్పూరులో, ఇంగ్లీషు వాళ్ళ పద్ధతిలో, వెడల్పాటి భుజాలున్న పొడుగు గుర్రాల కోసం నన్ను చేశారు. లోపల కర్ర చట్రం, పైన మందపాటి తోలు. కొన్నేళ్ళు ఒక సైనికాధికారి గుర్రం మీద ఉన్నాను. ఆ వీపు నాకోసమే పుట్టినట్టుండేది. ఆ గుర్రం చనిపోయాక నన్ను పాతసామాన్లతో పాటు వేలం వేశారు.

విశాఖ బీచిలో జనాన్ని గుర్రమెక్కించి తిప్పే నూకరాజు నన్ను కొన్నాడు. అతని ఆడగుర్రం గౌరి పొట్టిది, సన్నటి వీపుది. అప్పటిదాకా దాని మీద దూది కూరిన బొంత ఒక్కటే ఉండేది. నూకరాజు దాన్ని అవతల పడేసి నన్ను బిగించాడు.

"సూడండెహె! మిలటరీ జీను!" అని బీచంతా చెప్పుకున్నాడు.

పక్కనే తిరిగే ఒంటెను చూసినా అతనికి తట్టలేదు. దాన్ని తెచ్చిన రాజస్థాన్ వాళ్ళు దాని జీనుకు నడుమ మూపురం పట్టేలా ఖాళీ వదిలారు. ఏ వీపుకు ఆ జీను! ఇతగాడికి మాత్రం నా మెరుపే కనబడింది. నా చట్రం అడుగడుగునా గౌరి వెన్నును నొక్కేది. అది చెవులు వెనక్కి వాల్చేది, పళ్ళు కొరికేది. నాకు నోరుంటే అరిచేదాన్ని.

"మొండిదైపోనాది" అంటూ నూకరాజు నా పట్టీని ఇంకా బిగించేవాడు.

ఒక సాయంత్రం ఫొటో కోసం ఎక్కిన కొత్త పెళ్ళికొడుకును గౌరి ఇసుకలోకి విసిరేసింది. జనం నవ్వారు. నూకరాజుకు తల కొట్టేసినట్టయింది.

"రేపే అమ్మేత్తాను దీన్ని!"

అతని భార్య పైడమ్మ నన్ను విప్పి గౌరి వీపు తడిమింది. గుర్రం వణికింది. ఆమె అరచేతికి నెత్తురంటింది.

"ఇటు రా. నువ్వూ సెయ్యెట్టి సూడు."

"అంత మంచి జీనే..."

"మంచిదే, మన గౌరికి కాదు. నీ సెప్పులేసుకుని నాను నడవగల్నేటి?"

నూకరాజు చెయ్యి పెట్టాడు. చాలాసేపు తీయలేదు.

పుండు మానేదాకా గౌరి మీద ఎవరినీ ఎక్కనివ్వలేదు. ఈలోగా పైడమ్మ పాత బొంతలో కొత్త దూది కూరి కుట్టింది.

నన్ను పారేయడానికి అతనికి మనసొప్పలేదు. బీచిలో ఫొటోలు తీసేవాడొకడి దగ్గరున్న వెడల్పాటి సిమెంటు గుర్రం మీద బిగించాడు. అచ్చంగా సరిపోయాను! జనం ఎక్కుతారు, నవ్వుతారు, దిగిపోతారు. "అసలైన మిలటరీ జీను బాబూ!" అంటాడు నూకరాజు అటుగా వెళ్తూ. గౌరి అతని వెనకే తేలిగ్గా నడిచిపోతుంది.

కొలత కుదిరింది. కింద ఊపిరి మాత్రం లేదు.